టీ కొట్టు దాటిపోయిన కూపే

పాత కార్లకు మళ్ళీ ప్రాణం పోసే విద్య నేర్పే పట్టాభి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఏ బండి గురించి ఎవరేమడిగినా, అది షెడ్డులో నిలబడి ఉన్నంతసేపు జవాబు చెప్పేవారు కాదు.

మాఘమాసంలో ఒక తెల్లవారుజామున శిష్యురాలు హైమవతి ఆయన్ని విశాఖలో తమ ఇంటికి పిలుచుకొచ్చింది. తండ్రి పోతూ పోతూ విడిచిన కూపేలు, రెండే తలుపులుండే పాతకాలపు కార్లు, రెండు అక్కడ ఉన్నాయి. ఇటలీ నుంచి వచ్చిన ఎర్రది, జర్మనీ నుంచి వచ్చిన వెండి రంగుది. ఒకటి ఆమెకు, ఒకటి తమ్ముడికి. ముందు ఎంచుకునే హక్కు ఆమెది. ఆ పూటే తేల్చాలి. తమ్ముడి వాటాకొచ్చింది అతని హోటల్లో గాజుగదిలోకి పోతుంది, ఇక రోడ్డు మొహం చూడదు. ఆ బెంగతో ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"ఈ రెంటిలో ఏది గొప్పది మాస్టారూ?" అని అడిగి, జవాబు కూడా తనే మొదలుపెట్టింది. ఎర్రదాని రంగు ఫ్యాక్టరీలో వేసిందే. ఇంజను కూడా పుట్టినప్పటిదే. వెండిదానికి మళ్ళీ మళ్ళీ పెయింటు పడింది, గేరుబాక్సు వేరే బండిది. పాత కార్లు సేకరించేవాళ్ళెవరైనా ఎర్రదాన్నే కళ్ళకద్దుకుంటారు. మీటరు తిరిగితే విలువ తగ్గుతుందని తండ్రి దాన్ని నడపనే లేదు. ఆదివారాలు మనుషులచేత వాకిట్లోకి తోయించి, ఊరగాయ జాడీలా కాసేపు ఎండకు పెట్టి, మళ్ళీ లోపలికి తోయించేవాడు.

మాస్టారు అంతా విన్నారు. "భీమిలిలో అల్లం టీ బాగుంటుందమ్మా. తీసుకెళ్తావా?" అన్నారు.

హైమవతి రెండో ఆలోచన లేకుండా వెండిదాని తలుపు తీసింది. "ఎర్రదానికి ఉప్పుగాలి పడదండీ," అంది.

దారంతా మంచు. సముద్రం కనిపించడం లేదు, వినిపిస్తోంది. ఎర్రదాని గొప్పలు ఏకరువు పెడుతూ పెడుతూ ఒక మలుపు దగ్గర ఆమె మాట ఆగిపోయింది. తాటిచెట్లు మంచులోంచి ఒక్కొక్కటే ఎదురొచ్చి, పలకరించినట్టే ఉండి, వెనక్కి జారిపోతున్నాయి. ఇంజను సన్నగా కూనిరాగం తీస్తోంది. బండి నేలమీద పోతోందో నీళ్ళమీద పోతోందో తెలియడం లేదు. తండ్రి పోయాక మొదటిసారి ఆమెకు సంతోషం కలిగింది. ఎందుకో అని కూడా అనుకోలేదు.

ఫోను మోగింది. తుళ్ళిపడి బండి పక్కకు ఆపింది.

"అక్కా, తేల్చావా? గాజు పనివాళ్ళొచ్చి కొలతలడుగుతున్నారు," అన్నాడు తమ్ముడు.

చుట్టూ చూస్తే భీమిలి ఎప్పుడో వెనకబడిపోయింది. హైమవతి ఫోనును అరచేత్తో మూసింది. "అయ్యో మాస్టారూ, టీ కొట్టు దాటిపోయాం! చెప్పొచ్చు కదండీ!" అని సిగ్గుపడి, మళ్ళీ అడిగింది. "ఇంతకీ ఏది గొప్పదో మీరు చెప్పనేలేదు."

"గొప్పది ఎర్రదే తల్లీ, అనుమానమెందుకు?" అన్నారాయన, కిటికీ అద్దం దించుతూ. "టీ మాట మరిపించింది మాత్రం ఇది."