ఉప్పుకొలను ఇసుక

సముద్రం ఒడ్డున ఒక రాజు తన కోటలో ఉప్పునీటి కొలను కట్టించి, పగడాలూ రంగుచేపలూ పెంచేవాడు. దాన్ని చూసుకునేది నూకాలు అనే జాలరి ముసలిది. కొత్తగా వచ్చిన మంత్రి త్రిలోచనుడు ఒకనాడు కొలను అడుగున ఉన్న ఇసుక చూసి మొహం చిట్లించాడు.

"ఛీ, ఎంత మురికి! ఇసుకంతా అడుగుదాకా తోడి కడుగు," అన్నాడు.

"పైన పడ్డ చెత్త రోజూ తీస్తూనే ఉన్నాను బాబూ. అడుగు మాత్రం కదపను. కదిపితే చేపలు చస్తాయి."

"కదపకపోతే కొరడా దెబ్బలు తింటావు!"

"కొట్టించండి. కదపను."

ఆ గొడవ విని రాజు వచ్చాడు.

"ఒళ్లు వంగక చెబుతున్న సాకు ప్రభూ! ఇసుక కదిపితే ఏమవుతుంది?" అన్నాడు మంత్రి.

"ఏమీ కాదంటే, ఆయన్నే ఓసారి కొలనులో దిగమనండి," అంది నూకాలు.

రాజు ముందు వెనక్కి తగ్గలేక మంత్రి నడుంలోతు నీళ్లలోకి దిగాడు. నూకాలు ఆయన కాళ్ల పక్కన గెడకర్రతో ఒక్క పోటు పొడిచింది. నల్లటి మడ్డి బుడబుడమంటూ పైకి లేచింది. కుళ్లిన గుడ్ల కంపుకు మంత్రి ముక్కు మూసుకుని, దగ్గుకుంటూ గట్టెక్కేశాడు.

"ఒక్క పోటుకే తమరు గట్టెక్కారు బాబూ. కొలనంతా తోడితే నా చేపలు ఏ గట్టెక్కాలి?" అంది నూకాలు.