మందు పెట్టని ఎలుక

డాక్టర్ రహమతుల్లా గారికి అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఎదుటి కుర్చీ చూపించి కూర్చోమన్నారంటే, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పబోతున్నారని శిష్యులకు తెలుసు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సత్యవేణిని ఆ రోజు అలాగే కూర్చోమన్నారు. కొత్త మందులను మనుషులకిచ్చే ముందు ఎలుకలకు పెట్టి చూసే ప్రయోగశాల అది. మందు తిన్న ఎలుకలతో పోల్చుకోవడానికి, ఏ మందూ పెట్టని ఎలుకలను కూడా అంతే జాగ్రత్తగా పెంచుతారు. అలా పెరిగి, ముసలిదై చనిపోయిన ఒక ఎలుక గుండెలో, లోపలి పొరను అంటుకుని ఆవగింజంత కంతి సత్యవేణికి కనిపించింది. వేల ఎలుకల్లో ఒకదానికి వస్తే వస్తుంది. అదేమిటో తేల్చాలంటే మళ్ళీ పలచగా కోసి, రంగులద్ది, ఇంకొకరికి చూపించాలి. రెండు వారాల పని. థీసిస్ ఇవ్వడానికి నెల్లాళ్ళే ఉంది.

“దీనికి మనం ఏమీ పెట్టలేదు కదా సార్. దానంతటదే వచ్చిన కంతి. దీన్ని చూసి ఎవరికేం లాభం?” అని అడిగింది. విసుగు దాచుకోవాలనే అనుకుంది గానీ, గొంతులో తెలిసిపోయింది.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఆయన సత్యవేణి వయసులో ఉన్నప్పుడు, పిల్లల మూర్ఛరోగానికి ఒక మందును పరీక్షిస్తున్నారు. మందు తిన్న ఎలుకల్లో రెండింటికి గుండెలో ఇలాంటి కంతే వచ్చింది. తిననివాటిలో ఒక్కదానికీ లేదు. తప్పు మందుదేనన్నారు ప్రయోగశాల పెద్దలు. కాదనడానికి ఆధారమూ లేదు. నెల తిరిగేలోగా ఆ మందును పక్కన పెట్టేసేలా ఉన్నారు. అంతకుముందు ఏడాది పిల్లల వార్డులో, రోజుకు పదిసార్లు మూర్ఛ వచ్చే బిడ్డను ఒళ్ళో అదిమిపట్టుకుని కూర్చున్న తల్లిని చూశారాయన. ఆ తల్లి మొహం మనసులోంచి పోలేదు. ఏ మందూ పెట్టని ఎలుకలో ఇలాంటిది ఎప్పుడైనా చూశారా అని, తెలిసిన ప్రయోగశాలలన్నిటికీ ఉత్తరాలు రాశారు.

చాలాచోట్ల నుంచి జవాబే రాలేదు. కొందరు చూసినట్టే గుర్తు అన్నారు గానీ, రాసిపెట్టుకోలేదు. విశాఖపట్నం నుంచి మాత్రం ఒక పెట్టె వచ్చింది. పంపినావిడ డాక్టర్ సుగుణరత్నం. పదకొండేళ్ళలో అదే జాతి ఎలుకలు మూడింటిలో అదే కంతి చూశారావిడ. మూడింటికీ స్లైడ్లు, చేత్తో గీసిన బొమ్మలు, వయసు, బరువు, తిన్న తిండి, అన్నీ ఉన్నాయి. ఏమీ పెట్టని ఎలుకకు ఇంత చాకిరీ ఏమిటని తోటివాళ్ళు నవ్వేవారట.

ఆ పెట్టె చూశాక పెద్దలు, ఇంకా ఎక్కువ ఎలుకలతో మళ్ళీ పరీక్షించమన్నారు. రెండున్నరేళ్ళు పట్టింది. ఈసారి మందు తిన్నవాటిలో ఒకదానికి కంతి వచ్చింది, తిననివాటిలోనూ ఒకదానికి వచ్చింది. అంటే తప్పు మందుది కాదు. ఆ తరవాతి పరీక్షలన్నీ దాటుకుని మందు పిల్లలకు చేరింది.

అప్పుడు రహమతుల్లా గారు రైలెక్కి విశాఖ వెళ్ళారు. సుగుణరత్నం గారు అప్పటికి రిటైరయ్యారు. చెప్పిందంతా విని, “పిల్లలకు తగ్గిందా నాయనా?” అని అడిగారు.

“చాలామందికి తగ్గిందమ్మా.”

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “రెండేళ్ళు మా చేతుల్లో పెరిగిన ప్రాణులు. వాటికేమైందో చూడకుండా పారేయడానికి నాకు చేతులు రాలేదు” అన్నారు.

“అది ఎవరికో పనికొస్తుందని ఆవిడకి ముందే తెలుసా సార్?” అంది సత్యవేణి.

“లేదమ్మా,” అన్నారు రహమతుల్లా గారు. “తెలిసి చేసి ఉంటే, కృతజ్ఞతలు చెబుతూ ఒక ఉత్తరం రాసి ఊరుకునేవాణ్ణి, రైలెక్కేవాణ్ణి కాదు.”