లక్క పూసిన నడిమిరాయి

అనగా అనగా, గుండేరనే ఒక పొగరుబోతు ఏరు. ఆ ఏటి ఒడ్డున నరసరాజు ఏలుబడి. వానాకాలం వచ్చిందంటే అవతలి ఒడ్డు పల్లెలకు వైద్యుడూ అందడు, విత్తనమూ అందదు.

రాజు కొయ్య వంతెన కట్టించాడు, ఏరు ఊడ్చుకుపోయింది. ఇటుక వంతెన కట్టించాడు. ఏరు నానబెట్టి కూల్చింది. మూడోసారి రాతిపని మేస్త్రీ ఓబన్నను పిలిపించాడు. నల్లరాయి నీళ్లు తాగదనీ, బరువుకు వంగదనీ, వానలకు ముందే వంతెన నిలబెడతాననీ ఓబన్న మాటిచ్చాడు. మనం ఇప్పుడు గ్రానైటు అంటున్నామే, ఆ రాయే.

కమాను లేచింది. రెండు వైపుల నుంచి వంగి వచ్చిన రాళ్లు కలిసే చోట, నడినెత్తిన ఒక్క రాయి బిగించాలి. అది నిలిస్తేనే అన్నీ నిలుస్తాయి. ఆ రాయికి చివరి ఉలిదెబ్బ పడగానే సన్నని నెర్రె విచ్చింది. ఓబన్న సుత్తితో తట్టి చూశాడు. మంచి రాయి కంచులా మోగుతుంది. ఇది పగిలిన కుండలా పలికింది.

కొండ మీది నుంచి ఇంకో రాయి దించేలోపు వానలు వస్తాయి. ఇచ్చిన మాట పోతుంది. ఓబన్న లక్క కరిగించి, రాతిపొడి కలిపి నెర్రెలో నింపాడు. నున్నగా రుద్ది, కమాను నడినెత్తిన బిగించాడు. రాయి అద్దంలా మెరిసింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

అయితే ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. కమానుకు ఊతగా నిలిపిన దూలాలు తీసేటప్పుడు, కట్టినవాడి ఆలుబిడ్డలు దాని కిందే నిలబడాలి. ఓబన్న భార్య తిప్పమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని నిలబడింది. నల్లమబ్బు కొండ దిగుతోంది.

మొదటి దూలం తీశారు. కమాను కదల్లేదు. సన్నని నెర్రేగదా అని ఓబన్న తనకు తాను చెప్పుకున్నాడు.

రెండో దూలం తీశారు. పైన కిర్రుమంది. చిటికెడు పొడి తిప్పమ్మ భుజాన రాలింది. రాతిపనివాళ్ల ఇంట పుట్టిన మనిషి. వేళ్ల మధ్య నలపగానే లక్క అని తెలిసిపోయింది. తలెత్తి మొగుడి వైపు చూసింది. పక్కకు మాత్రం జరగలేదు.

"ఏమయ్యా, ఈ రాయి మోగిందా?"

మూడో దూలం మీదికి సుత్తి లేచింది. రాజు చూస్తున్నాడు. ఓబన్న చెయ్యెత్తి ముందుకు ఉరికాడు.

"ఆపండి. రాయి మోగలేదు," అన్నాడు.

దూలాలు మళ్లీ బిగించి, నడిమిరాయిని దించి సుత్తితో కొట్టారు. రెండు చెక్కలైంది. భటులు ఓబన్న రెక్కలు విరిచి పట్టుకున్నారు. మంత్రి తల తీయించమన్నాడు.

రాజు వంగి ఒక చెక్కను తిరగేసి చూశాడు. "ఇతని తల తీస్తే, రేపు ఇంకెవడూ ఆపమనడు," అన్నాడు.

ఆ ఏడు వరదకు దూలాలు కొట్టుకుపోయాయి, కమాను కూలింది. వానాకాలమంతా వైద్యుణ్ణి పుట్టిలో అవతలికి దాటించింది ఓబన్నే. నీళ్లు తీశాక ఏట్లో పడిన రాళ్లన్నీ వెతికి తీశాడు. నల్లరాయి గదా, ఒక్కటీ చెడలేదు. కొత్త నడిమిరాయిని అందరి ముందూ మోగించాడు. ఆ మోత అవతలి ఒడ్డుకు వినబడింది.

దూలాలు తీసే రోజున తిప్పమ్మ బిడ్డను పక్కావిడకిచ్చి, కొంగు బిగించింది. "ఈసారి నువ్వు నిలబడు. సుత్తి ఇటియ్యి," అంది. రాజుతో సహా అందరూ నవ్వారు. ఓబన్న నవ్వలేదు, వెళ్లి నిలబడ్డాడు. మూడు దూలాలూ ఆమే కొట్టింది. వంతెన నిలిచింది.

లక్క నెర్రెను దాస్తుంది గాని బరువును మోయదు. తప్పు దాచి నిలబెట్టినదానికన్నా, ఒప్పుకుని మళ్లీ కట్టినదే గట్టిది.