అరవై, ఎనభై, వంద

లెక్క తప్పయ్యే వీల్లేదు. కాబట్టి తప్పు మనిషిదే అయి ఉండాలి. ఆ పూట జెసింతకు తోచింది అదీ.

పల్నాటి వైపు ఒక కన్యస్త్రీల మఠంలో, వంటశాల వెనక రేకుల షెడ్డు ఒకటి ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకు అక్కడ కరెంటు పని నేర్పేవాళ్ళు. ఇళ్ళకు వైరింగు చెయ్యడం, కాలిపోయిన మోటారు విప్పి చూడడం, మీటరు పెట్టి కొలవడం, లెక్క వెయ్యడం. నేర్పేది సిస్టర్ బెర్నదెత్తమ్మ. డెబ్భై దాటిన మనిషి. మాట పొదుపు, చాదస్తం జాస్తి.

జెసింత మఠంలో చేరి ఇంకా కన్యస్త్రీ వ్రతాలు తీసుకోని పిల్ల. లెక్కల్లో చురుకు. తన తర్వాత షెడ్డు నడపాల్సింది ఆ పిల్లేనని సిస్టరు అందరికీ చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేది. పొగడ్త కొందరికి బువ్వలా పనిచేస్తుంది, కొందరికి కల్లులా పనిచేస్తుంది.

షెడ్డులో రూలు ఒక్కటే. మీటరులో ఎంత కనపడితే నోటితో అంతే చెప్పాలి. "కరెంటు దగ్గర అబద్ధమాడితే దేవుడు క్షమించినా తీగ క్షమించదు" అనేది సిస్టరు. ఆ రూలు మాత్రం ఎవరికీ రెండోసారి చెప్పాల్సి వచ్చేది కాదు.

ఆ రూలుకు కాళ్ళూ చేతులూ వస్తే ఎలా ఉంటుందో ఇన్నమ్మ అలా ఉండేది. మిరప కోతల కూలికి పోయే ఇంటి పిల్ల. కూడికలు వేళ్ళ మీద చేసేది, అవీ ఒక్కోసారి తప్పేవి. కానీ మీటరు ముందు కూర్చుంటే ముల్లు ఎక్కడుంటే అక్కడే చెప్పేది. అందుకే సిస్టరు ఆమెకు ఒక పని అప్పగించింది. మెయిన్ స్విచ్చి దించాక తీగకు మీటరు పెట్టి, కరెంటు ఉందో లేదో చూసి చెప్పాలి. ఇన్నమ్మ "లేదు" అన్నాకే మిగతా పిల్లలు తీగ మీద చెయ్యి వేసేవారు. స్విచ్చి దించినవాళ్ళు ఎవరని కూడా అడిగేవారు కాదు.

ఇలా ఉండగా సిస్టరు కంటి ఆపరేషనుకు గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ జెసింతకు షెడ్డు తాళాలిచ్చింది.

"నేనొచ్చేదాకా బ్యాటరీ లెక్కలే చేయించు. ఏసీ బల్ల జోలికి పోవద్దు."

"అట్టాగే సిస్టర్" అంది జెసింత.

అనడానికి అంది గానీ, బ్యాటరీ లెక్కలు ఆమెకు ఎప్పుడో మొహం మొత్తాయి. వాటిలో ఏముంది? బ్యాటరీ ఇచ్చిన వోల్టులను వరసలో ఉన్న సామాన్లన్నీ పంచుకుంటాయి. పంచుకున్న ముక్కలు కలిపితే మళ్ళీ మొదటి రొట్టె కావాలి. ఏసీ అయితే మాత్రం ఏమిటి, ఇళ్ళకొచ్చే ఆ కరెంటూ కరెంటే గదా అనుకుంది. సిస్టరు తిరిగొచ్చేసరికి పిల్లలకు ఏసీ కూడా చెప్పేసి ఉంటే ఆమె మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని మురిసింది.

ఏసీ బల్ల మీద ఒక హీటరు తీగ, దాని వెనకాల వరసలో ఒక చోకు బిగించింది. చోకంటే ఇనప దిమ్మ చుట్టూ చుట్టిన రాగి తీగ, అంతే. రెంటికీ కలిపి వంద వోల్టులు ఇచ్చింది. పిల్లలు చుట్టూ మూగారు. జెసింత సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల దగ్గర నిలబడింది.

"హీటరు మీద ఎంతుంది ఇన్నమ్మా?"

"అరవై అక్కా."

జెసింత అరవై రాసింది. వందలో అరవై పోతే ఎంతో మనసులో అప్పుడే వేసేసుకుంది.

"చోకు మీద?"

"ఎనభై."

సుద్దముక్క ఆగింది. "మళ్ళీ చూడు."

ఇన్నమ్మ వంగి చూసింది. "ఎనభై అక్కా."

"ఇచ్చిందే వంద. అందులో అరవై హీటరు తీసుకుంటే ఎనభై ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా? పుట్టింటి నుంచి తెచ్చుకుందా?"

పిల్లలు నవ్వారు. ఇన్నమ్మ కూడా నవ్వబోయి మానుకుంది. మీటరు తీగలు తీసి, కొసలు పైటతో తుడిచి, మళ్ళీ పెట్టింది.

"ఎనభయ్యే ఉందక్కా."

జెసింతది తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. నాలుగడుగులు వేసి మీటరు చూస్తే సరిపోయేది. చూడలేదు. లెక్క తెలిసినవాళ్ళకు మీటరుతో పనేమిటనుకుంది. పైగా అందరి ముందూ నిలబడి ఉంది.

"నువ్వు చూసి చెప్తున్నావా, నోటికొచ్చింది చెప్తున్నావా? కూడికే రానిదానివి, మీటరు మాత్రం సరిగ్గా చూస్తావని నమ్మకమేంది? సిస్టరు లేదని ఆటలుగా ఉందా?"

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. అక్కడ ఎవరినైనా ఏమైనా అనొచ్చు గానీ, చూడకుండా చెప్పావనడం పెద్ద మాట. ఇన్నమ్మ చెవులు ఎర్రబడ్డాయి. మీటరు వైపు చూసింది, నల్లబల్ల వైపు చూసింది, జెసింత వైపు చూసింది. అరవై కింద ఖాళీ ఉంది. దాని కింద గీత. గీత కింద వంద.

"నలభై" అంది ఇన్నమ్మ.

"చూశావా? సరిగ్గా చూస్తే సరిగ్గానే కనపడుద్ది" అంటూ జెసింత నలభై రాసి, కింద వంద చుట్టూ సున్నా చుట్టింది.

సిస్టరు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొచ్చింది. ఏసీ బల్ల జోలికి వెళ్ళిన సంగతి జెసింతే చెప్పింది. మెచ్చుకుంటుందేమోనని ఆశ. అరవై, నలభై, వంద అని ఒప్పజెప్పింది.

సిస్టరు అడిగింది.

"నలభై అని ఎవరు చెప్పారు?"

"ఇన్నమ్మే సిస్టర్. ముందు ఎనభై అంది. నేను గట్టిగా అడిగితే అప్పుడు సరిగ్గా చూసి నలభై అంది."

"నువ్వు చూశావా?"

"లెక్క చూశాను సిస్టర్."

"మీటరు?"

సిస్టరు షెడ్డు తాళాలడిగి తీసుకుని ముందు నడిచింది.

పిల్లలు ఇంకా రాలేదు. జెసింత తన చేత్తోనే హీటరూ చోకూ వరసలో బిగించి, వంద వోల్టులిచ్చింది. హీటరు మీద మీటరు పెట్టింది. అరవై. చోకు మీద పెట్టింది. ముల్లు నలభై దాటింది, అరవై దాటింది, ఎనభై దగ్గర నిలబడింది. మీటరు పాడయిందేమో అంది. సిస్టరు బీరువాలోంచి ఇంకోటి తీసిచ్చింది. అదీ ఎనభయ్యే చూపించింది. రెంటికీ కలిపి పెడితే మాత్రం వందే.

"ఇదేంది సిస్టర్" అంది జెసింత. గొంతులో మునుపటి బిగువు లేదు.

సిస్టరు ఆమెను వంటశాల పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో కారం దంపుతున్నారు. ఘాటుకు సిస్టరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఆమె రోకలి ఎంత ఎత్తు లేస్తోంది?"

"తలదాకా సిస్టర్."

"ఈమెది?"

"ఇదీ అంతే."

"అయితే రెండూ కలిపి రెండు నిలువుల ఎత్తన్నమాట."

"అదెట్టా? రెండూ ఒకేసారి లేవవు గదా సిస్టర్. ఆమె ఎత్తినప్పుడు ఈమె..."

జెసింత మాట మధ్యలో ఆగిపోయింది. రోకళ్ళ వంకే చూస్తూ నిలబడింది. ఒకటి లేస్తోంది, ఒకటి దిగుతోంది. రెంటి ఎత్తూ నిజమే. సిస్టరు దగ్గుకుంటూ అప్పటికే షెడ్డు వైపు వెళ్ళిపోయింది.

జెసింత వెళ్ళేసరికి సిస్టరు గచ్చు మీద సుద్దతో, వోల్టుకో సెంటీమీటరు చొప్పున, అడ్డంగా ఒక గీత గీసి, పక్కన అరవై అని రాసింది. దాని కొసన నిట్టనిలువుగా ఇంకో గీత గీసి ఎనభై అని రాసింది.

"ఏసీ కూడా ఆ రోకళ్ళలా లేస్తూ దిగుతూ ఉంటుంది. కాకపోతే చోకు ఆ రోకళ్ళంత ఎడంగా నడవదు. హీటరు కంటే పావు చుట్టు ముందుంటుంది. అందుకని దీన్ని పక్కకు తిప్పి గీశాను. అడ్డగీత మొదటి నుంచి నిలువుగీత చివరికి ఇంకో గీత గీసి కొలువు."

జెసింత మోకాళ్ళ మీద కూర్చుని గీసి కొలిచింది. సరిగ్గా వంద.

"ఎంత అన్నది మీటరు చెప్పుద్ది" అంది సిస్టరు. "ఎప్పుడు అన్నది చెప్పదు. అది నువ్వు కనుక్కోవాల్సిందే."

ఇంకో రోజయితే జెసింత ఆ మూడు గీతల చుట్టూ గంతులేసేది. అంత చక్కగా ఉంది ఆ సంగతి. కానీ ఆ పూట ఆమెకు గీతలు కనిపించడం లేదు. పైటతో మీటరు తీగల కొసలు తుడుస్తున్న ఇన్నమ్మ కనిపిస్తోంది. ఎనభై, ఎనభై, ఎనభయ్యే ఉందక్కా. అన్నిసార్లూ నిజమే చెప్పింది. ఆ తర్వాత చెప్పిన ఒక్క అబద్ధానికే తను మెచ్చుకుంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. జెసింతకు ఆ మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. దాన్ని తన చేత్తో చేసి చూసుకోవడం అదే మొదలు.

మధ్యాహ్నం పిల్లల అన్నాలయ్యాక ఇన్నమ్మ కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. జెసింత వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఇన్నమ్మా, నువ్వు చెప్పిందే రైటు. ఎనభయ్యే."

"అవునా అక్కా" అంది ఇన్నమ్మ, గిన్నె తోముతూనే.

"ముల్లు ఎనభై మీదే ఉంటే మరి నలభై అని ఎందుకు చెప్పావు?"

"నలభై అంటే వదిలిపెట్టేట్టు ఉన్నావు గదక్కా."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే జెసింతకు కాస్త తేలికగా ఉండేది.

"అందరి ముందూ నిన్ను అంత మాట అన్నాను. తప్పు నాది. నన్ను క్షమించు."

"అయ్యో, దానికేముందక్కా. నువ్వు చదువుకున్నదానివి. నాకే చూపు సరిగ్గా ఆనలేదేమో అనుకున్నా."

ఆ తర్వాత జెసింత పిల్లలందరినీ కూర్చోబెట్టి, తప్పు తనదేనని, ఇన్నమ్మ చూసిందే నిజమని చెప్పింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. రాత్రి ప్రార్థనలో మళ్ళీ ఒకసారి దేవుడికీ చెప్పుకుంది. బరువు దిగినట్టే అనిపించింది. క్షమించమని అడిగేసినవాళ్ళకు అదో సదుపాయం, నిద్ర పడుతుంది.

మర్నాడు పొద్దున షెడ్డులో పాత వైరు తీసి కొత్తది వెయ్యాల్సి వచ్చింది. స్విచ్చి దించారు. పిల్లలు కటింగు ప్లేయర్లు పట్టుకుని గోడ వెంట నిలబడ్డారు.

"చూడమ్మా" అంది సిస్టరు, ఎప్పటిలాగే.

ఇన్నమ్మ తీగకు మీటరు పెట్టింది. ముల్లు వంక చూసింది. అందరూ "లేదు" అన్న మాట కోసం ఎదురుచూస్తున్నారు. ఇన్నమ్మ తల ఎత్తింది. సిస్టరు వైపు కాదు, జెసింత మొహంలోకి చూసింది.

"ఎంత రావాలక్కా?"

తీగ దాకా వెళ్ళిన చేతులన్నీ వెనక్కి వచ్చాయి. ఒక పిల్ల ప్లేయరు నేల మీద పెట్టేసింది.

ఎంత ఉంటే అంత చెప్పమ్మా అనబోయింది జెసింత. కానీ ఇన్నమ్మ ఆమె పెదవుల వంకే చూస్తోంది, అవి కదిలితే వాటిలో నుంచి అంకె ఏరుకోవడానికి సిద్ధంగా. జెసింత నోరు మూసుకుంది. ఎప్పుడూ లేనంత సిగ్గు వేసింది. క్షమించడం ఇన్నమ్మ చేతిలో పని, చేసేసింది. తన కళ్ళను తాను నమ్మడం మాత్రం ఇప్పుడు ఆమె చేతిలో కూడా లేదు.

"జెసింతా" అంది సిస్టరు. కోపంగా అనలేదు. "నువ్వు కాసేపు బయట నిలబడమ్మా."

జెసింత బయటికి వచ్చి, తలుపుకు ఇవతల, ఎండలో నిలబడింది. తన నీడ గడప మీద పడుతుంటే ఇంకొంచెం పక్కకు జరిగింది.

"ఇప్పుడు చెప్పు ఇన్నమ్మా" అన్న మాట లోపలి నుంచి వినపడింది. "తొందరేం లేదు."

జెసింత గోడకు చెవి ఆనించి వింటూ ఉంది. లోపల ఎవరూ కదిలిన చప్పుడు లేదు. ఇన్నమ్మ గొంతు ఎంతకీ వినపడలేదు.