కొవ్వక్క చూరు కింద పిచ్చుకలు

ఒకప్పుడు, మనిషి ఒంట్లో ఉండేవాళ్లంతా ఒకరి మాట ఒకరు వినే రోజుల్లో, పొట్ట పక్కన కొవ్వక్క కాపురం ఉండేది. ఆమె పని గాదె కాయడం. గాదె అంటే ధాన్యం దాచుకునే పెద్ద కొట్టు. తిండి దొరికిన రోజున మిగిలింది అందులో పోసేది, దొరకని రోజున తీసి అందరికీ పంచేది.

కొవ్వక్కకి ఒక్కడే తమ్ముడు, గుండె. ఛాతీలో కూర్చుని పగలనక రాత్రనక డప్పు కొట్టేవాడు. ఆ డప్పు దెబ్బకే కాలవల్లో నెత్తురు కదిలేది. వాడు ఆపితే ఊరంతా ఆగిపోయినట్టే. అందుకని కొవ్వక్క ఏ పనిలో ఉన్నా ఒక చెవి ఆ డప్పు మీదే వేసి ఉంచేది.

గాదెకు తాటాకు కప్పు. ఆ చూరు కింద చిలకలూ ఉండేవి, పిచ్చుకలూ ఉండేవి.

గింజలు నిండుతున్నాయనగానే చిలకలు లేచి తలమీది మేడకు ఎగిరేవి. అక్కడ మెదడు పెద్దయ్య ఉండేవాడు. నోటి తలుపు తీయడమూ మూయడమూ ఆయన చేతిలో పని. "చాలు పెద్దయ్యా, చాలు!" అని చిలకలు అరిచేవి. "సరే సరే, విన్నాను" అని ఆయన తలుపు మూసేసేవాడు. ఆ తర్వాత ఎంత ఘుమఘుమలాడే గారె వచ్చి నిలబడ్డా లోపలికి రానిచ్చేవాడు కాదు.

పిచ్చుకలేమో తమ్ముడి వైపు ఎగిరేవి. కాలవ గట్లకు పట్టిన జిడ్డంతా ముక్కులతో గీకేసేవి. దారిలో ఇంటింటి గుమ్మం మీదా వాలి కిచకిచమనేవి. ఆ సందడికి ఇంటివాళ్లు తలుపులు తీసి, తిన్న తిండిలోంచి కాలవలోకి కొట్టుకొచ్చే బెల్లం ముక్కల్ని లోపలికి తీసుకునేవాళ్లు. అందుకే నీళ్లు తేటగా ఉండేవి, తమ్ముడి చేతికి డప్పు తేలిగ్గా ఆడేది.

ఆ పిచ్చుకల కోసం కొవ్వక్క పంట పంటకీ కొత్త వరి కంకులు కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీసేది. "ఇవి గాదెలోవి కావమ్మా, మీవి" అనేది.

అలాంటి ఊరికి కరువు వచ్చింది. నోటి తలుపు బార్లా తీసి ఉన్నా లోపలికి మెతుకు రాలేదు. గాదె దిగిపోయింది, ఇంకా దిగిపోయింది.

"అక్కా, చేతులు ఆడటం లేదక్కా" అన్నాడు తమ్ముడు.

"ఇదిగో పంపిస్తున్నా, ఆపకురా నాయనా" అంది కొవ్వక్క.

ఒకసారి డప్పు మోగాల్సిన చోట మోగలేదు. ఒక్క దెబ్బే. కానీ కొవ్వక్కకి పైప్రాణాలు పైనే పోయాయి. గాదె అడుగు ఊడ్చింది. పగుళ్లలో ఇరుక్కున్న గింజల్ని గోళ్లతో పెకిలించి తమ్ముడికి పంపింది. డప్పు మళ్లీ మోగింది.

తర్వాత వానలు పడ్డాయి, పంటలు పండాయి, కరువు పోయింది. తప్పిపోయిన ఆ దెబ్బ మాత్రం కొవ్వక్క చెవుల్లోంచి పోలేదు. "నా తమ్ముణ్ణి ఇంకెప్పుడూ పస్తు పెట్టను" అని ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు మనం ఎవరినైనా తిట్టాలంటే కొవ్వెక్కిందంటాం. పాపం, ఆమెకు ఎక్కింది పొగరు కాదు, భయం.

గాదె నిండింది. చిలకలు మేడకు ఎగిరి "చాలు, చాలు" అన్నాయి. పెద్దయ్య తలుపు మూయబోయాడు.

"ఇంకొంచెం రానీ పెద్దయ్యా!" అని కింద నుంచి కేకేసింది కొవ్వక్క. "మళ్లీ కరువొస్తే?"

పెద్దయ్య సగం మూసిన తలుపు మళ్లీ తీశాడు. మర్నాడూ అంతే, ఆ పైనా అంతే. కొవ్వక్క గాదెను వెడల్పు చేసింది, ఎత్తు పెంచింది. గింజలు పెరిగేసరికి చిలకలూ పెరిగాయి. ఒకటి చేరిన చోట ఒక మంద చేరి, తెల్లారింది మొదలు "చాలు చాలు చాలు" అని మేడ పీకి పందిరేశాయి. పెద్దయ్యకు తల దిమ్మెక్కిపోయింది. ఆఖరికి చెవుల్లో ఇంత దూది కుక్కుకున్నాడు.

కింద గింజలు చూరును తాకాయి. పిచ్చుకలకు తల దూర్చే సందు లేదు. అప్పుడు కొవ్వక్క చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చూరుకు వేలాడే కుచ్చులు విప్పి, ఆ కంకులు కూడా దులిపి గాదెలో పోసేసింది. గుప్పెడు గింజలు! వాటితో ఆమె గాదెకు ఒరిగిందేమిటి?

పిచ్చుకలు కాసేపు కప్పు చుట్టూ తిరిగాయి. తర్వాత వెళ్లిపోయాయి.

కొన్నాళ్లకు తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, పిచ్చుకలు రావడం లేదేం?"

"పిచ్చుకలదేముందిరా, ఎక్కడికో పోయుంటాయి. నీకు తిండికి లోటు లేదుగా?"

"లేదు."

"మరింకేం? హాయిగా డప్పు కొట్టుకో."

అక్క మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు వాడికి. కాలవ గట్లకు జిడ్డు పేరుకుంటోంది. గుమ్మాల మీద సందడి లేక ఇళ్ల తలుపులు మూసుకుపోయాయి. తీసుకునేవాళ్లు లేక బెల్లం కాలవలోనే కరిగి నీళ్లు పాకమైపోయాయి. ఆ పాకాన్ని ఇరుకు కాలవల్లో తోయడానికి వాడు పళ్లు బిగపట్టి డప్పు బాదుతున్నాడు. చప్పుడు పెద్దదైందని, తమ్ముడు బలపడ్డాడని, కొవ్వక్క మురిసిపోయింది.

ఒకనాడు ఆమె ధాన్యం ఎగదోస్తుండగా డప్పు మోగాల్సిన చోట మోగలేదు.

చేతిలో చేట జారిపోయింది. ఆ చప్పుడు, కాదు, ఆ చప్పుడు లేకపోవడం ఆమెకు తెలుసు. కరువులో విన్నదే. కానీ ఇప్పుడు కరువేదీ? చుట్టూ చూస్తే గింజలే.

"తమ్ముడూ, ఏం పంపమంటావురా? ఎంత కావాలంటే అంత ఉంది!"

"గింజలొద్దక్కా" అన్నాడు వాడు రొప్పుతూ. "పిచ్చుకల్ని పంపు."

కొవ్వక్క చూరు వైపు చేతులు చాచింది. తాటాకుకీ గింజలకీ మధ్య చెయ్యి కూడా దూరలేదు. మూలన ఒక్క పిచ్చుక మాత్రం రెక్క నలిగి, ఎగిరిపోలేక కూర్చుని ఉంది.

పరుగున మేడెక్కింది. "చాలు పెద్దయ్యా! ఇక చాలు! తలుపు ముయ్యి!" అని గొంతు చించుకుంది. చిలకల మంద కూడా ఆమెతో పాటే అరిచింది.

దూది చెవుల పెద్దయ్య కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. "ఏ చిలకా పలకడం లేదు" అని తనలో తానే గొణుక్కున్నాడు. "గాదె ఖాళీ అయిపోయినట్టుంది. పాపం, కొవ్వక్క ఎంత ఆకలితో ఉందో!" అంటూ నోటి తలుపు ఇంకాస్త బార్లా తెరిచాడు.

కొవ్వక్క అక్కడే కూలబడి ఏడ్చింది. "మొదట్లో నీకు వినబడుతున్నప్పుడు తలుపు ముయ్యొద్దన్నది నేనే కదయ్యా" అంది. అదీ ఆయనకు వినబడలేదు.

ఏడుస్తూ దిగి, కాళ్ల దగ్గరికి వెళ్లింది. తిని కూర్చోవడం మరిగి అవి కునుకు తీస్తున్నాయి. "లేవండమ్మా. నా గాదె మోయండి. రోజూ కొంచెం మోసి బయట పారబోయండి" అని బతిమాలింది.

కాళ్లు లేచాయి. నడిచాయి. రోజూ కొంచెం, రోజూ కొంచెం. గాదె నింపినంత తొందరగా దిగలేదు. దిగిన కొద్దీ చూరు కింద జానెడు సందు తెరుచుకుంది. కొవ్వక్క కంకులు ఏరి కుచ్చు అల్లి వేలాడదీసింది. నలిగిన రెక్క పిచ్చుక వచ్చి ఒక గింజ పొడిచింది. కొన్నాళ్లకు ఇంకొకటి వచ్చింది. పోయినవన్నీ రాలేదు. పెద్దయ్య చెవుల్లో దూది కొంచెం వదులైంది గానీ, పూర్తిగా రాలేదు.

తమ్ముడి డప్పు మళ్లీ వరసలో పడింది. అయితే కాలవ గట్ల మీద పాత జిడ్డు మరకలు అలాగే ఉండిపోయాయి. "పర్లేదక్కా, నా కోసమేగా దాచావు" అన్నాడు తమ్ముడు. వాడు రెండు తిట్లు తిట్టినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

అప్పటినుంచే ఒంట్లో కొవ్వు పెరిగిన కొద్దీ గుండెకు మేలు చేసే పిచ్చుకలు తగ్గిపోతాయి, చిలకలు ఎంత అరిచినా పెద్దయ్యకు "చాలు" అన్న మాట వినబడదు. అప్పటినుంచే మనం నడిచినప్పుడల్లా గుండె గబగబా డప్పు కొడుతుంది, చూరు కింద సందు తెరుచుకుందేమో, పిచ్చుకలు వస్తున్నాయేమో అని.