ఏడో రీలులో పాడిన శవం

ఒకానొక రాజ్యం. కోటగోడలు లేవు గానీ, గేటుకి గూర్ఖా ఉన్నాడు. మద్రాసులో హంసధ్వజ స్టూడియో అనేవారు దాన్ని. ఏలిక పానకాలరాయుడుగారు. కెమెరాలు ఆయనవే, తారలు ఆయన నెలజీతగాళ్ళే, ఆఖరికి కథలూ ఆయనవే! ఎవరు రాసినా తెరమీద "రచన: పానకాలరాయుడు" అని పడాల్సిందే.

ఆ కొలువులో తంగిరాల వకుళ రచయిత్రి. మూడు సినిమాలు రాసింది. మూడూ ఆడాయి. ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. నాలుగోదానికి వెళ్ళి అడిగేసింది.

"ఈసారి నా పేరు వెయ్యండి, రాయుడుగారూ."

"పిచ్చిపిల్లా! గుడి కట్టించినవాడి పేరు శాసనంలో ఉంటుంది గానీ, శిల్పి పేరుంటుందటే?"

"అలాగా! ఉలి ఎవరి చేతిలో పలుకుతుందో చూద్దాం లెండి."

మర్నాడు పంపిణీదార్లు దిగారు. కథ రాసినవాళ్ళే నోటితో నటించి చెప్పాలి, నచ్చితేనే వాళ్ళు సినిమా కొంటారు. అదీ అక్కడి ఆచారం. ఇన్నాళ్ళూ "మా గుమాస్తా చదువుతుంది" అంటూ రాయుడు వకుళ చేతనే చెప్పించేవాడు. ఆవేళ ఆమె, కథ చెప్పేవాళ్ళు కూర్చునే నడిమి కుర్చీని ఆయనవైపు జరిపింది.

"కన్నతండ్రి ఎదుట ఉండగా బిడ్డని నేనెత్తుకుంటే బాగుంటుందా? కానివ్వండి."

రాయుడికి చెమటలు పట్టాయి. వకుళ వినిపించిననాడు ఆయన కునుకు తీశాడు మరి! నాయిక చచ్చినట్టు నటించిందన్న ముక్క ఆ కునుకులోనే జారిపోయింది. అంచేత కథ చెబుతూ నాలుగో రీలులో నాయికను నూతిలో దూకించి చంపేశాడు. ఏడో రీలులో వీణ పట్టుకుని పాడించాడు.

"ఆగండాగండి," అన్నారు బెజవాడ పంపిణీదారు అంకినీడుగారు. "చచ్చిన పిల్ల పాడుతుందేమిటండీ? దయ్యమా?"

"దయ్యం కాదు... అదీ... సస్పెన్సు!"

"మాకు కాదండీ, మీకే ఉన్నట్టుంది సస్పెన్సు!"

గది గొల్లుమంది. రాయుడు వకుళ వైపు వంగాడు. "అందుకోవే తల్లీ, పరువు పోతోంది!"

"పోయేది రచయిత పరువు కదండీ, నాకేం?" అంది వకుళ, అందరికీ వినబడేలా.

ఉద్యోగం ఊడుతుందని ఆమెకూ తెలుసు. అయినా తన కుర్చీలోంచి కదల్లేదు.

రాయుడు ఆమెను ఎగాదిగా చూశాడు. ఉన్నట్టుండి పొట్ట అదిరేలా నవ్వాడు. "ఓడానయ్యా! ఆడిన ఆ మూడు సినిమాలూ, ఈ కథా రాసింది ఈ పిల్లే. చెప్పమ్మా, ఇక నీ పేరే వేస్తాను."

"మాట వద్దు, అక్షరం కావాలి. రాశాకే చెబుతాను."

టైటిళ్ళు రాసే పెయింటరు పరుగున వచ్చి, నిర్మాతగా రాయుడుగారి పేరున్న అట్టమీద ఒక మూల సన్నగా "రచన: వకుళ" అని రాశాడు. వకుళ తల అడ్డంగా ఊపింది.

రాయుడు మళ్ళీ పగలబడి నవ్వి, భుజంమీది పట్టుశాలువా తీసి ఆమెకు కప్పి, కుంచె చేతికిచ్చాడు. "నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో, మహాతల్లీ!"

వకుళ కొత్త అట్ట అడిగి, ఇంటిపేరుతో సహా రాసింది. రాయుడుగారి పేరుకన్నా వేలెడు లావుగా!