చల్లేరు నీళ్లు తెల్లబడ్డ వైనం

ఒకప్పుడు మంచుకొండల ఏర్లు ఇప్పుడున్నట్టు తెల్లగా ఉండేవి కావు. అడుగున గులకరాళ్ల మీది నాచు కూడా కనిపించేంత తేటగా ఉండేవి.

ఉత్తరాన, మనుషులు అడుగుపెట్టని చలి అడవిలో చల్లేరు అనే ఏరు ఉండేది. అది మంచవ్వ ఒడిలో పుట్టింది. మంచవ్వ అంటే రెండు కొండల మధ్య ముసుగుతన్ని పడుకున్న పెద్ద మంచుగడ్డ. చల్లేరుకు తన నీళ్లంటే మహా గర్వం. ఎవరైనా పొగిడితే చాలు, ఉబ్బిపోయేది. ఏర్లకు కూడా ఆ జబ్బు ఉంటుంది మరి.

బొచ్చయ్య అనే ఎలుగుబంటి రోజూ వచ్చి ఒడ్డున కూర్చునేవాడు.

"నీలో నా మొహం చూసుకుంటే గానీ నాకు పొద్దుపోదమ్మా," అనేవాడు.

చల్లేరు మురిసిపోయి, ఒళ్లు మరిచి, అల కూడా లేపకుండా ఒదిగి పారేది.

కానీ చేపలు తగ్గిపోతున్నాయి. నిన్న ఉన్నవి ఇవాళ లేవు. చల్లేరుకు గుబులు పుట్టింది. ముందు కొంగను అనుమానించింది. కొంగ ఎప్పుడో వలసపోయిందట. తర్వాత నీటికుక్కను అనుమానించింది. అది పాపం కాలు విరిగి కలుగులో మూలుగుతోంది. మరి ఎవరు?

చివరికి మెరుపి అనే ఒక్క తల్లిచేప మిగిలింది. రాళ్ల సందున గుడ్లు పెట్టుకుని కాపలా కాస్తోంది.

"రేపో మాపో పిల్లలవుతాయక్కా. ఇవీ పోతే ఇంక నీలో చేప అనేదే ఉండదు," అని ఏడ్చింది.

మర్నాడు బొచ్చయ్య మళ్లీ వచ్చి మొహం చూసుకుంటానన్నాడు. చల్లేరు ఈసారి పొగడ్తలు వినలేదు, అతని కళ్లనే చూసింది. మెరుపి ఎడమకు జరిగితే కళ్లు ఎడమకు జరిగాయి. కుడికి వస్తే కుడికి వచ్చాయి.

మొహం ఒక్కచోటే ఉంటుంది కదా, కళ్లు అలా పరిగెడతాయేం? చల్లేరు గబుక్కున ఒక అల లేపి అతని కళ్లలో కొట్టింది.

"సరే, మధ్యాహ్నం వస్తాలే," అని బొచ్చయ్య మొహం తుడుచుకుంటూ వెళ్లాడు. అతని పంజాలకు చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"అవ్వా, నా చేపల్ని దాచిపెట్టవూ," అని చల్లేరు మంచవ్వను బతిమాలింది.

"నా కింద ఉన్న రాళ్లను తిరగలిలా మెత్తగా విసిరి, ఆ పిండి నీలో కలుపుతానే. వాడికి ఏమీ కనబడదు. కానీ నువ్విక తేటపడవు. నిన్నెవరూ అందగత్తె అనరు. ఆలోచించుకో," అంది మంచవ్వ.

చల్లేరుకు ఏడుపొచ్చింది. పొగడ్తలు లేకుండా ఎలా బతకాలో దానికి తెలియదు. అంతలో రాళ్ల సందున గుడ్లు కదిలాయి.

"విసురు అవ్వా," అంది.

మంచవ్వ ఒళ్లు కదిలించింది. రాళ్లు గరగరా నలిగాయి. మధ్యాహ్నానికల్లా ఏరంతా బియ్యం కడిగిన నీళ్లలా అయిపోయింది. బొచ్చయ్య వచ్చి పంజా ముంచి ఎంత తడిమినా గులకరాళ్లే దొరికాయి.

"ఛీ, నీ మొహం చూడబుద్ధి కావట్లేదు," అని చీదరించుకుని పోయాడు.

చల్లేరు మనసు చివుక్కుమంది. కానీ అప్పటికే మెరుపి పిల్లలు దాని ఒళ్లో ఈదుతున్నాయి.

అయినా అనుమానం తీరలేదు. ఒకే దారిన పోతే కనిపెడతాడేమోనని పాయలు పాయలుగా చీలింది. ఇవాళ ఒక దారి, రేపు ఇంకో దారి.

చల్లేరును చూసి అప్పటినుంచే మంచుకొండల ఏర్లన్నీ ఎండాకాలంలో కూడా తెల్లగా, పాయలుగా, దారులు మార్చుకుంటూ పారతాయి. ఒడ్డున ఎవరు నిలబడి ఎంత పొగిడినా అడుగున ఏముందో చూపించవు.